కంచె తీర్చాల్సిన బాకీ

జుఫైర్ అంటే ఇవాళ అపార్ట్‌మెంట్ టవర్లు, హోటళ్లు, అమెరికా నౌకాదళ స్థావరం చుట్టూ గోడ, అల్ ఫతే మసీదు గుమ్మటం. బహ్రెయిన్ రాజధాని మనామాకు ఆనుకుని ఉన్న ఈ పేటలో అడవి జంతువుకు జానెడు చోటు కూడా మిగల్లేదు. అక్కడి నుంచి దక్షిణంగా కారులో గంటలోపే సాఖీర్ ఎడారిలో అల్ అరీన్ వన్యప్రాణి పార్కు వస్తుంది. 1976లో పెట్టారు. విస్తీర్ణం ఏడెనిమిది చదరపు కిలోమీటర్లు. ఒక భాగంలోకి సందర్శకులను బస్సులో తిప్పుతారు, మిగిలిన భాగం అనుమతి ఉన్నవాళ్లకే. సెలవు రోజుల్లో బస్సు ఎక్కే వాళ్లలో తెలుగు కుటుంబాలూ ఉంటాయి. కిటికీలోంచి పిల్లలకు చూపించే వాటిలో ముఖ్యమైనది అరేబియా ఓరిక్స్ అనే సూటి కొమ్ముల తెల్లటి జింక. అరబ్బులు దాన్ని మహా అంటారు. బహ్రెయిన్‌కు అది జాతీయ జంతువు. తన జాతీయ జంతువును ఒక దేశం కంచె లోపల తప్ప చూసుకోలేకపోవడాన్ని విజయం అనాలా, ఓటమి అనాలా? అంతరించిపోతున్న జంతువులను కాపాడే పేరుతో బంధించడం న్యాయమేనా అన్న చర్చ చాలా దేశాల్లో ఉంది. ఓరిక్స్ విషయంలో ఆ చర్చకు అరవై ఏళ్ల చరిత్ర సాక్ష్యంగా దొరుకుతుంది. ఆ సాక్ష్యం చదివితే తేలేది ఇది: బంధించడం కొన్నిసార్లు తప్పనిసరి, కానీ అది ఎప్పుడూ బాకీయే. జంతువును తిరిగి బయట నిలబెట్టినప్పుడో, కనీసం అందుకు నిజాయితీగా పాటుపడుతున్నప్పుడో తప్ప ఆ బాకీ తీరదు.

ముందు ఓరిక్స్ బయట ఎందుకు లేకుండా పోయిందో చూడాలి. 1932లో బహ్రెయిన్‌లోని జబల్ దుఖాన్ దగ్గర చమురు పడింది. గల్ఫ్‌కు అరబ్బు వైపున దొరికిన తొలి చమురు అదే. 1935లో బ్రిటిష్ నౌకాదళం జుఫైర్‌లో స్థావరం పెట్టుకుంది. 1971లో బహ్రెయిన్ స్వతంత్రమయ్యాక ఆ చోటికి అమెరికన్లు వచ్చారు. ముత్యాల పడవల మీద బతికిన దీవి ఒక తరంలోనే చమురు, ఓడలు, మోటారు బండ్ల దేశమైంది. నేల చాలక సముద్రాన్నే పూడ్చుకుంది. 1960ల నుంచి ఇప్పటిదాకా వంద చదరపు కిలోమీటర్లకు పైగా కొత్త నేల కలిసింది, జుఫైర్‌లోనూ చాలా భాగం అలా వచ్చిందే. గల్ఫ్ తీరమంతా ఇదే మార్పు జరిగింది. దాని దెబ్బ అవతలి ప్రధాన భూభాగంలోని ఎడారి మీద పడింది. ఒకప్పుడు సిరియా ఎడారి నుంచి రబ్ అల్ ఖాలీ ఎడారి దాకా తిరిగిన ఓరిక్స్‌ను ఒంటె మీద, పాత తుపాకీతో వేటాడేవారు. ఆ వేటలో జంతువుకూ తప్పించుకునే అవకాశం ఉండేది. మోటారు బండి, ఆటోమేటిక్ రైఫిల్ వచ్చాక ఆ అవకాశం పోయింది. దాక్కోవడానికి చెట్టు లేని నేలలో తెల్లగా మెరిసే ఒళ్లు దానికి శత్రువైంది. వేట బృందాలు పదుల బండ్లతో ఎడారి లోపలికంటా వెళ్లాయి. 1972లో ఒమన్‌లోని జిద్దత్ అల్ హరాసిస్ పీఠభూమి మీద చివరి అడవి గుంపు కూడా పోయింది. అల్ అరీన్ పుట్టింది ఆ తర్వాత నాలుగేళ్లకు. అంటే కంచె వేసిన కాలమూ, జంతువును తుడిచిపెట్టిన కాలమూ ఒకటే. రెంటికీ డబ్బు వచ్చింది చమురు నుంచే.

జంతువులను పట్టి ఉంచుకోవడం మాత్రం ఆధునికుల అలవాటు కాదు. నాలుగు వేల ఏళ్ల కిందటి దిల్మున్ నాగరికత ముద్రలు బహ్రెయిన్ జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. వేలి కొస అంత రాతి బిళ్ల మీద వెనక్కి తిరిగి చూస్తున్న కొమ్ముల జింకలు కనిపిస్తాయి. రాజులు జంతువులను పెంచుకోవడం, కానుకలుగా పంపుకోవడం పశ్చిమాసియాలోనూ మనదగ్గరా పాత పద్ధతే. అయితే ఆ పాత బందిఖానాకు ఒక లక్షణం ఉంది. అది అడవి నుంచి తీసుకుంటుంది, తిరిగి ఇవ్వదు. చివంగి (చీతా) కథ ఇందుకు గట్టి ఉదాహరణ. అక్బరు దగ్గర వేట చీతాలు వందల్లో ఉండేవని మొగలుల రాతలు చెబుతాయి. అన్ని చీతాలున్నా ఆ బందీ జీవితంలో అవి పిల్లల్ని పెట్టడం ఎంత అరుదంటే, ఒక ఈత జరిగితే జహంగీరు దాన్ని వింతగా రాసుకున్నాడు. చనిపోయిన ప్రతి చీతా స్థానంలో అడవి నుంచి మరొకదాన్ని పట్టి తేవాల్సిందే. దక్కను సంస్థానాల వేట కూడా అలాగే సాగింది. 1952 నాటికి భారతదేశంలో చీతా అంతరించిందని ప్రకటించారు. బంధించడాన్ని సమర్థించేవాళ్లు ఈ చరిత్రను దాటవేయకూడదు. చాలా కాలం పాటు కంచె జంతువును ఖర్చు చేసే యంత్రంగానే ఉంది.

కంచెకు కొత్త అర్థం 1962లో వచ్చింది. లండన్‌లోని ఫానా ప్రిజర్వేషన్ సొసైటీ ఆ ఏడాది ఆపరేషన్ ఓరిక్స్ మొదలుపెట్టింది. మేజర్ ఇయాన్ గ్రిమ్‌వుడ్ నాయకత్వంలో ఒక బృందం అప్పటి తూర్పు ఏడెన్ రక్షిత రాజ్యంలోకి వెళ్లింది. వేటగాళ్లను తెచ్చిన మోటారు బండే ఈసారి కాపాడేవాళ్లనూ తెచ్చింది. వాళ్లకు దొరికినవి నాలుగే ఓరిక్స్‌లు. వాటిలో ఒకటి కొద్ది కాలానికే చనిపోయింది. మిగిలినవి రెండు మగవి, ఒక ఆడది. వాటికి లండన్ జూ ఒక ఆడదాన్ని ఇచ్చింది, కువైట్ షేక్ ఒకదాన్ని ఇచ్చాడు, సౌదీ రాజు నాలుగు ఇచ్చాడు. అలా కూడిన తొమ్మిది జంతువులతో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, అరేబియాను పోలిన ఎండ ఉన్న ఫీనిక్స్ జూలో 1963లో ప్రపంచ మంద ఏర్పడింది. ఇక్కడ ఒక్కో జంతువు లెక్క తప్పకూడదు. కొమ్ములు సూటిగా, రెండడుగులకు పైగా పొడవు ఉంటాయి. భయపడితే పక్కదాని కడుపులో దిగబడతాయి, అందుకే రవాణా చేసేటప్పుడు కొమ్ములకు గొట్టాలు తొడగడం జూల్లో మామూలు. ఏ ఆడదాన్ని ఏ మగదానితో కలపాలి, ఏ దూడ ఎవరి సంతానం అన్నది వంశావళి పుస్తకంలోకి ఎక్కుతుంది. పది తలల లోపు మందలో మేనరికం ముప్పు పెద్దది కాబట్టి ఆ పుస్తకమే మంద ప్రాణం. చీతాల కాలంతో పోలిస్తే తేడా ఇక్కడే ఉంది. ఈ కంచె అడవి నుంచి ఒకసారి తీసుకుంది, ఆ తర్వాత తనంతట తాను పెరిగింది, పెరిగింది తిరిగి ఇవ్వడానికే అని ముందే చెప్పింది. ఆ మాట లేకపోతే ఫీనిక్స్ మందకూ, రాజుల తోటల్లోని జంతువులకూ నైతికంగా తేడా ఉండేది కాదు.

ఇంకో విషయం గమనించాలి. ఆ తొమ్మిదింటిలో ఐదు గల్ఫ్ పాలకుల సొంత మందల నుంచి వచ్చినవే. జంతువును వేటాడిన వర్గమే దాన్ని ముద్దుగా పెంచుకుంది కూడా. ఆ పెంపకం లేకపోతే మందకు వైవిధ్యం మరింత తగ్గేది. అల్ అరీన్ కూడా పాలక కుటుంబం పూనికతో, నేటి రాజు హమద్ బిన్ ఈసా యువరాజుగా ఉన్న రోజుల్లో మొదలైందే. దీన్ని పట్టుకుని కొందరు పాపపరిహారం అంటారు, కొందరు గొప్ప దూరదృష్టి అంటారు. ఈ చర్చలో ఉద్దేశాల లెక్క తేలదు. ఒక చేత్తో చేసిన నష్టాన్ని అదే వర్గం మరో చేత్తో పూడ్చడం చరిత్రలో కొత్త కాదు. మనం అడగాల్సింది పూడ్చిందా లేదా అని.

ఆ ప్రశ్నకు ఒమన్ రెండు జవాబులిచ్చింది. 1982 జనవరిలో జిద్దత్ అల్ హరాసిస్‌లోని యాలూనీ దగ్గర ప్రపంచ మంద సంతానంలోంచి పది ఓరిక్స్‌లను ఎడారిలోకి వదిలారు. కాపలాకు పెట్టింది బయటివాళ్లను కాదు, ఆ నేల మీదే ఒంటెలు మేపుకునే హరాసిస్ తెగవాళ్లనే. పదేళ్లు కాపాడారు, జంతువులు వానను వెతుక్కుంటూ వందల కిలోమీటర్లు తిరగడం మళ్లీ నేర్చుకున్నాయి. 1994లో అక్కడి ఓరిక్స్ అభయారణ్యాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 1996 నాటికి సంఖ్య 450 దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే దొంగలు పడ్డారు. ఈసారి వాళ్లు మాంసం కోసం రాలేదు. బతికున్న ఓరిక్స్‌ను పట్టుకెళ్లి సొంత జంతు సేకరణలు ఉన్న ధనవంతులకు అమ్మడానికి వచ్చారు. బయట దొరకని జంతువును ఇంటి కంచెలో ఉంచుకోవడం హోదా అయింది కాబట్టి దానికి ధర పలికింది. పట్టుకునే తొందరలో చచ్చినవెన్నో. 1998లో మిగిలిన వాటిలో కొన్నింటిని తిరిగి కంచెలోకి తెచ్చుకోవాల్సి వచ్చింది. 2007 నాటికి బయట మిగిలినవి 65, అందులో సంతానం కనే జంటలు నాలుగే. అదే ఏడాది ఒమన్ అభయారణ్యం విస్తీర్ణాన్ని చమురు అన్వేషణ కోసం తొంభై శాతం కుదించింది. యునెస్కో దాన్ని జాబితా నుంచి తొలగించింది. ఆ జాబితాలోంచి ఒక చోటును తీసేయడం అదే మొదటిసారి. ఇందులో పాఠం చేదుగా ఉంటుంది. జంతువును కాపాడేందుకు పుట్టిన కంచె సంస్కృతే, దానికి తోడుగా బయట చట్టం, కాపలా, కొనేవాడికి శిక్ష లేనప్పుడు, అడవి నుంచి దొంగిలించే బజారుగా మారింది. బంధించి పెంచడం జాతిని బతికించింది, కానీ జాతిని చంపిన కారణాన్ని ముట్టుకోలేదు.

అలాగని కంచె ఎంత పెద్దదైతే అంత మేలు అని కూడా అనలేం. సౌదీలో మహజత్ అస్ సైద్ రక్షిత ప్రాంతం 2,244 చదరపు కిలోమీటర్లు, చుట్టూ కంచె. అంటే బహ్రెయిన్ దేశం మొత్తానికి దాదాపు మూడింతలు. 1990లో అక్కడ ఓరిక్స్‌లను వదిలారు, అవి బాగా పెరిగాయి. కానీ వానలు పడని ఏళ్లలో ఎడారి జంతువు చేసే పని ఒక్కటే, వాన పడ్డ చోటుకు నడిచి వెళ్లడం. ఆ దారికి కంచె అడ్డం వచ్చింది. కరువు కాలంలో వందల ఓరిక్స్‌లు కంచె పొడుగునా ఆకలితో చచ్చిపోయాయి. ఒక దేశం కంటే పెద్ద ఆవరణ కూడా ఈ జంతువుకు జైలే అయిందంటే ఏడెనిమిది చదరపు కిలోమీటర్ల అల్ అరీన్ సంగతి వేరే చెప్పాలా? బహ్రెయిన్ మొత్తం ఎనిమిది వందల చదరపు కిలోమీటర్ల లోపు, మన హైదరాబాద్ పాత గ్రేటర్ పరిధి కంటే కొంచెం పెద్దది. పార్కు పక్కనే 2004 నుంచి ఫార్ములా వన్ కార్ల ట్రాక్ ఉంది. అక్కడ ఓరిక్స్ గేటు తీసి వదిలేసే రోజు రాదు. కాబట్టి అల్ అరీన్‌ను జంతువును అడవికి చేర్చే చివరి మెట్టుగా చూడడం పొరపాటు. అది మంద వైవిధ్యాన్ని నిలిపే ఒక గది మాత్రమే. ఆ గదికి విలువ రావాలంటే అందులోని జంతువుల సంతానం, లేదా వాటి రక్తం, అవతలి ఒడ్డున తెరిచిన ఎడారికి చేరే దారి ఉండాలి. ఆ దారి మూసుకుపోతే అది అందమైన నిల్వ మాత్రమే.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది, అది బరువైనది. ఓరిక్స్ అనే జాతికి నొప్పి తెలియదు, ఒక్కో ఓరిక్స్‌కే తెలుస్తుంది. జాతి పేరు నిలబెట్టడానికి ఒక్కో జంతువును పుట్టిన నాటి నుంచి చచ్చేదాకా ఆవరణలో ఉంచడం ఏ న్యాయం? బందిఖానాలో బతకడం కంటే గౌరవంగా అంతరించడమే మేలు అనేవాళ్లున్నారు. ఈ వాదంలో సగం నిజం ఉంది. జంతువు పడే బాధను జాతి లాభం కింద కొట్టివేయకూడదు. కానీ మిగిలిన సగాన్ని చరిత్ర ఒప్పుకోదు. 1962లో ఓరిక్స్ ముందున్న దారులు స్వేచ్ఛ, బందిఖానా అని రెండు కావు. తూటా, బందిఖానా అని రెండు. తన ఇష్టంతో గౌరవంగా అంతరించిన జాతి ఏదీ లేదు, ఎవరో ఒకరు దాన్ని ఆ స్థితికి తెచ్చారు. ఆ తెచ్చినవాళ్ల వారసులమైన మనం దాని స్వేచ్ఛ పేరుతో చేతులు దులుపుకుంటే అది వాటి గౌరవాన్ని కాపాడడం కాదు, మన పనిని తప్పించుకోవడం. అయితే ఆ వాదంలోని నిజమైన సగం కంచె మీద ఒక షరతు పెడుతుంది. జంతువుకు నడిచే నేల ఉండాలి, మందలో బతికే వీలుండాలి, చూసేవాళ్ల సరదా కోసం దాన్ని ఏమీ చేయించకూడదు. అవసరానికి మించి ఒక్క జంతువును కూడా కంచెలో పుట్టించకూడదు.

రెండో అభ్యంతరం డబ్బుది. జూలకు, పెంపక కేంద్రాలకు పోసే డబ్బుతో అడవినే కాపాడవచ్చు కదా అని. ప్రపంచంలోని చాలా జాతుల విషయంలో ఇది పూర్తిగా సరైన మాట. కానీ నేల ఉన్నా అందులో మరణ కారణం ఉన్నప్పుడు ఈ లెక్క పని చేయదు. రాబందులు ఇందుకు ఉదాహరణ. భారతదేశంలో తెల్లవీపు రాబందులు 1990ల మొదటి నుంచి పదిహేనేళ్లలో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. కారణం పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందు అని 2004 నాటికి తేలింది. చచ్చిన పశువును తిన్న రాబందు మూత్రపిండాలు చెడి చస్తుంది. ఆ మందు పల్లెల్లో తిరుగుతున్నంత కాలం ఏ అభయారణ్యమూ వాటిని కాపాడలేదు. హర్యానాలోని పింజోర్‌లో, ఆ తర్వాత హైదరాబాద్ నెహ్రూ జూతో పాటు మరికొన్ని చోట్ల పెంపక కేంద్రాలు వచ్చాయి. అదే సమయంలో 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. రెండు పనులూ కలిసి నడిచాయి కాబట్టి ఆ కేంద్రాలకు అర్థం ఉంది. మందును ఆపకుండా కేంద్రాలు మాత్రమే పెట్టి ఉంటే అవి చావు వాయిదా వేసే ఆసుపత్రులయ్యేవి. ఓరిక్స్‌కూ రాబందుకూ ఒకటే సూత్రం: లోపల చేసే పనికి జోడుగా బయట కారణం మీద పని నడవాలి.

తెలుగు నేల ఈ సూత్రానికి మూడు సాక్ష్యాలు చెబుతుంది. హైదరాబాద్ నెహ్రూ జూలో 2010లో మూషిక జింకల పెంపకం మొదలైంది. మూడు కిలోల బరువుండే ఆ చిన్న జంతువు ప్రపంచంలో అంతరించే స్థితిలో లేకపోయినా మన అడవుల్లో చాలా చోట్ల కరువైపోయింది. జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తల తోడ్పాటుతో సంఖ్య పెంచి, 2017లో నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వులో వదలడం మొదలుపెట్టారు. కంచెకు చివర తలుపు ఉండాలన్న మాట అక్కడ పాటించారు. రెండో సాక్ష్యం కలివి కోడిది. అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా లంకమల పొదల్లో మళ్లీ దొరికింది. ఐతన్న అనే స్థానికుడు దాన్ని పట్టాడు, అది బందీగా ఉండగానే చనిపోయింది. ఎన్ని పక్షులున్నాయో, ఏం తింటాయో, ఎలా పెంచాలో తెలియని జాతిని చేతిలోకి తీసుకోవడం ప్రమాదం. అక్కడ సరైన పని తెలుగుగంగ కాలువ దారి మళ్లించి ఆ పొదలను కాపాడడమే, చివరికి అదే చేశారు. మూడోది బట్టమేక పిట్ట. కర్నూలు దగ్గర రోళ్లపాడు గడ్డి నేలను దాని కోసమే 1988లో అభయారణ్యం చేశారు, ఇప్పుడు అక్కడ ఆ పిట్ట లేదు. రాజస్థాన్‌లోని జైసల్మేర్ దగ్గర 2019లో దాని పెంపక కేంద్రం పెట్టినప్పుడు మనకు శిక్షణ ఇచ్చిన వాళ్లలో అబుదాబికి చెందిన హౌబారా సంరక్షణ నిధి ఒకటి. అరబ్బులు డేగ వేట కోసం ప్రాణంగా చూసుకునే హౌబారా పక్షిని పెంచడంలో నేర్చిన విద్య అది. వేట మోజు నుంచి పుట్టిన నేర్పు మన పిట్టకు ఉపయోగపడింది. కానీ కరెంటు తీగలు, దున్నేసిన గడ్డి నేలలు అలాగే ఉంటే ఆ పిట్టపిల్లలను వదిలేది ఎక్కడ? రోళ్లపాడు ఆ ప్రశ్నకు జవాబు లేకుండా నిలబడి ఉంది.

ఇక పార్కుల తరఫున వినిపించే మాట మూడోది: జంతువును చూసిన పిల్లవాడు రేపు దాన్ని కాపాడతాడు. ఈ మాటకు బలం ఉంది కానీ అది పార్కు ఏం చూపిస్తుందన్నదాని మీద ఆధారపడుతుంది. బస్సు కిటికీలోంచి తెల్లటి ఓరిక్స్‌ను చూపించి దించేస్తే పిల్లవాడు నేర్చుకునేది ఎడారిలో ఇవి బోలెడు ఉన్నాయని. లెక్క చూస్తే వేరు. 2011లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఓరిక్స్ ముప్పు స్థాయిని ఒక మెట్టు తగ్గించింది. అడవిలో పూర్తిగా పోయిన జంతువు ఆ మెట్టు దాకా తిరిగి రావడం అదే తొలిసారి. ఆ రోజున అడవిలో ఉన్నవి దాదాపు వెయ్యి, బందీగా ఉన్నవి ఆరేడు వేలు. ఆ రెండు అంకెల్లో మొదటిది విజయం. రెండోది ఇంకా తీరని బాకీ.

అందుకే అల్ అరీన్ లాంటి చోటును మూసేయాలనడం తొందరపాటు, పొగడడం అమాయకత్వం. దాన్ని ప్రతి ఏటా మూడు ప్రశ్నలతో తూచాలి. ఇక్కడ పుట్టిన జంతువుల్లో ఎన్ని, లేదా వాటి సంతానంలో ఎన్ని, బయటి ఎడారికి చేరాయి? వంశావళి లెక్క ఇతర మందలతో పంచుకుంటున్నారా? బయట వేటకు, దొంగ అమ్మకాలకు అడ్డుకట్ట వేసే చట్టానికి ఆ దేశం తన బలం కలుపుతోందా? ఈ మూడింటికీ జవాబులు గేటు దగ్గర బోర్డు మీద, ఓరిక్స్ బొమ్మ ఉన్నంత పెద్దగా రాసిపెట్టగలిగిన పార్కుకు జంతువులను ఉంచుకునే హక్కు ఉంది. రాయడానికి ఏమీ లేని పార్కు, దాని పేరు ఎంత గొప్పదైనా, రాజుల తోటకు కొత్త రంగు వేసినట్టే. ఈ ప్రశ్నలు బహ్రెయిన్‌కు మాత్రమే కాదు, హైదరాబాద్ నెహ్రూ జూకూ, జైసల్మేర్ కేంద్రానికీ వర్తిస్తాయి. టికెట్టు కొన్నవాడికి వాటిని అడిగే హక్కు ఆ టికెట్టుతోనే వస్తుంది.